పొద్దుపొడుపునూ పూలతోటనూ కలిపి తీయడం కుదరడం లేదు, ఎక్కడ పొరబడుతున్నాను?

వేకువబాట:

అందరికీ నమస్కారం. ఏడు నెలలుగా తెల్లవారుజామున ఫోటోలు తీయడం నాకు అలవాటయింది. నా వృత్తికీ దీనికీ సంబంధం లేదు. పగలంతా నాలుగు గోడల మధ్య గడిచే పని కావడం వల్ల, రోజుకు ఒక గంటైనా బయట నిలబడి, చూసినదాన్ని చూసినట్టుగా పట్టుకోవాలన్న కోరికతో మొదలుపెట్టాను. నా దగ్గర ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న ఒక మిర్రర్‌లెస్ కెమెరా, దానితోపాటే వచ్చిన 18-55 మి.మీ. లెన్స్, తరువాత కొనుక్కున్న 90 మి.మీ. మాక్రో లెన్స్, ఒక మోస్తరు ట్రైపాడ్ ఉన్నాయి. ఇంటి వెనుక తోట తూర్పువైపుకు తెరుచుకుని ఉంటుంది. ముందు గులాబీలు, మందారాలు, వాటి వెనుక ఒక వరుస పొద్దుతిరుగుడు మొక్కలు, ఆ వెనుక రెండు పెద్ద చెట్లు ఉన్నాయి. పొద్దు ఆ చెట్ల నడుమనుంచి పొడుస్తుంది. ఇంతకన్నా అనువైన చోటు దొరకదని నాకు తెలుసు.

అయినా కొన్ని విషయాలలో ప్రతిరోజూ ఓడిపోతున్నాను. ఆకాశం రంగులు సరిగా వచ్చేటట్టు ఎక్స్‌పోజర్ పెడితే తోట మొత్తం నల్లని ముద్దలా మిగులుతోంది. పూలు కనబడేటట్టు పెడితే ఆకాశం తెల్లకాగితం అయిపోతోంది. కంటికి అంత పెద్దదిగా, అంత ఎర్రగా కనిపించిన సూర్యబింబం ఫోటోలో చిన్న తెల్లని చుక్కగా మారిపోతోంది. ఎర్ర మందారాలను దగ్గరగా తీస్తే రేకుల మీది ఈనెలూ ముడతలూ ఏవీ కనబడక, ఎర్రరంగు పూసిన కాగితం ముక్కల్లా వస్తున్నాయి. ఇక మంచుబొట్లయితే ఇరవై తీస్తే ఒక్కటి కూడా స్పష్టంగా రావడం లేదు.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా బాధిస్తున్నది మరొకటి ఉంది. మొన్న ఏడు నెలల ఫోటోలను వరుసగా పెట్టి చూసుకున్నాను. అన్నీ ఒకే ఫోటోలా ఉన్నాయి. నడుమ సూర్యుడు, కింద నల్లని చెట్ల గీత, పైన నారింజ రంగు. నేను చూసిన ఉదయాలలో మాత్రం ఏ రెండూ ఒకేలా లేవు. క్యాలెండరులో సూర్యోదయానికి ఏ సమయం వేశారో సరిగ్గా ఆ సమయానికి ట్రైపాడ్ నిలబెట్టి, సూర్యుడు చెట్ల పైకి వచ్చేదాకా తీసి, లోపలికి వస్తాను. జేపెగ్‌లోనే తీస్తున్నాను. అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.


నీరెండ:

వేకువబాట గారూ, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. మీరు సూర్యోదయం సమయానికి వెళ్తున్నారు, అదీ ఒకే దిక్కు చూస్తున్నారు. సూర్యుడు కనబడే క్షణానికి ఆ ఉదయంలో రంగుల భాగం చాలావరకు గడిచిపోయి ఉంటుంది.

సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కింద ఉన్నప్పటినుంచి పైకి వచ్చేదాకా ఉండే మసక వెలుగును పౌర సంధ్య అంటారు. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాలలో ఇది 20 నిమిషాలకు కాస్త పైగా ఉంటుంది, ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ పెరుగుతుంది. ఈ వ్యవధిలో వెలుగు మొత్తం ఆకాశం నుంచే వస్తుంది కాబట్టి నేలమీద నీడలు ఉండవు. ఆకాశానికీ తోటకూ మధ్య ప్రకాశంలో తేడా కెమెరా ఓర్చుకోగలిగినంతే ఉంటుంది. బింబం బయటికి రాగానే ఆ తేడా ఒక్కసారిగా పెరిగిపోతుంది. అందువల్ల ఆకాశమూ తోటా కలిసిన వెడల్పాటి ఫోటోను సూర్యుడు రాకముందే తీసేయండి. సూర్యోదయానికి కనీసం 40 నిమిషాల ముందు తోటలో ఉండి, కెమెరాను నిలబెట్టి, ఫోకస్ సరిచూసుకుని, తూర్పు తెల్లబడటం కోసం ఎదురుచూడండి. 18 మి.మీ. వద్ద అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/11 పెట్టి మీటరున్నర దూరంలోని దేనిమీదనైనా ఫోకస్ నిలిపితే, మీ సెన్సర్‌కు సుమారు ముప్పావు మీటరు నుంచి దిగంతం దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ముందువరుస గులాబీని అంత దగ్గరగా పెట్టుకుని వెనుక ఆకాశాన్ని చేర్చవచ్చు. షట్టర్ ఒకటి రెండు సెకన్లు తెరిచి ఉండవలసి వచ్చినా భయపడకండి, ఆ వేళ గాలి సాధారణంగా నిలిచి ఉంటుంది. బటన్‌ను వేలితో నొక్కకుండా 2 సెకన్ల టైమర్ వాడండి.

బింబం చిన్నదిగా రావడానికి కారణం మీ పొరపాటు కాదు. సూర్యుడు మన కంటికి అర డిగ్రీ వెడల్పు మాత్రమే ఉంటాడు. దిగంతం దగ్గర పెద్దగా తోచడం మనసుకు కలిగే భ్రాంతి, కెమెరాకు ఆ భ్రాంతి లేదు. లెన్స్ నాభ్యంతరాన్ని, అంటే దాని మీద మి.మీ.లలో వేసి ఉండే అంకెను, సుమారు 110తో భాగిస్తే సెన్సర్ మీద బింబం వ్యాసం వస్తుంది. 55 మి.మీ. దగ్గర అది అర మిల్లీమీటరు, 18 మి.మీ. దగ్గర అందులో మూడో వంతు కూడా ఉండదు. మీ సెన్సర్ ఎత్తు దాదాపు 16 మి.మీ. అని గుర్తుంచుకుంటే ఆ చుక్క ఎందుకంత చిన్నదో తెలుస్తుంది. 300 మి.మీ. లెన్స్ ఉంటే బింబం 2.7 మి.మీ. అవుతుంది, అప్పుడు చెట్టుకొమ్మల వెనుక దాన్ని నిలపవచ్చు. ఆ లెన్స్ లేనంతవరకు సూర్యుణ్ణి ఫోటోకు కథానాయకుడిగా పెట్టే ప్రయత్నం మానుకోమని నా సలహా. వెలుగును తీయండి, దీపాన్ని కాదు.

పొద్దు పొడిచే చోటు కూడా రోజూ ఒక్కటే కాదు. మార్చి, సెప్టెంబరు నెలల చివరి వారాల ప్రాంతంలో సరిగ్గా తూర్పున పొడిచే సూర్యుడు, జూన్ నాటికి ఉత్తరానికీ డిసెంబరు నాటికి దక్షిణానికీ జరుగుతాడు. ఈ ఊగిసలాట భూమధ్యరేఖ దగ్గర 47 డిగ్రీలు, అక్కడి నుంచి దూరమయ్యేకొద్దీ ఇంకా ఎక్కువ. విషువత్తుల సమయంలో, అంటే ఆ మార్చి, సెప్టెంబరు రోజుల్లో, రోజుకు బింబం వెడల్పులో ముప్పావు వంతుకు తగ్గకుండా జరుగుతుంది. జూన్, డిసెంబరు నెలల చివర్లో దాదాపు కదలనట్టే ఉంటుంది. మీ రెండు చెట్ల నడుమ పొద్దు పొడిచేది ఏడాదిలో కొన్ని వారాలు మాత్రమే. ఆ వారాలు ఎప్పుడో రాసిపెట్టుకోండి. మిగిలిన కాలమంతా తోట వేరే తోటే.

సూర్యుడు రావడానికి ముందు ఒకసారి పడమటికి తిరిగి చూడండి. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున అక్కడ దిగంతానికి ఆనుకుని నీలిబూడిద రంగు పట్టీ, దానిపైన గులాబీ రంగు పట్టీ కనబడతాయి. కిందిది భూమి తన వాతావరణం మీద వేసే నీడ. పైదాన్ని బెల్ట్ ఆఫ్ వీనస్ అంటారు. సూర్యుడు పైకి వస్తున్నకొద్దీ ఆ నీడ కిందికి దిగి మాయమవుతుంది. ఆ గులాబీ వెలుగు ముందు తెల్లపూలు ఎలా ఉంటాయో నేను మాటల్లో చెప్పలేను. ఇన్నేళ్ళుగా తూర్పుకే కళ్ళప్పగించి నిలబడిన రోజులు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే కెమెరా ఆ ఎరుపును దోషమని భావించి సరిదిద్దేస్తుంది. దాన్ని డేలైట్‌కు, అంటే 5200 నుంచి 5500 కెల్విన్‌కు మార్చండి. ఇక సూర్యుడు వచ్చిన తరువాత కూడా ఆకాశాన్నీ నేలనూ కలిపి తీయాలనుకుంటే, పైసగం నల్లబారి కిందికి వచ్చేకొద్దీ పలచబడే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ ఒకటి, 2 లేదా 3 స్టాపులది (ఒక్కో స్టాప్‌కు వెలుగు సగమవుతుంది), కొనుక్కోండి.


మందారవనం:

నీరెండ గారు ఆకాశం సంగతి చెప్పారు, నేను నేలమీది సంగతి చెబుతాను. నాకు కెమెరాకన్నా ముందు తోట పరిచయం. ఎంత ఎక్కువ తోటపని చేస్తే అంత మంచి ఫోటోలు వస్తాయని నేను నమ్ముతాను, ఎందుకంటే ఏ మొక్క ఎప్పుడు ఏం చేస్తుందో తెలిసినవారికి ఎక్కడ మోకరిల్లాలో తెలుస్తుంది.

మంచు ఎప్పుడు పడుతుందో ముందురోజు రాత్రే చెప్పవచ్చు. ఆకాశంలో మబ్బులు లేక, గాలి ఆడక ఉంటే ఆకులు తమ వేడిని నేరుగా పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడతాయి, ఆ గాలిలోని తేమ వాటిమీద నీరవుతుంది. మబ్బు కమ్మితే ఆ వేడిలో కొంత తిరిగి నేలకు వస్తుంది కాబట్టి మంచు తక్కువ. ఆకు అంచున ఒక్కో ఈనె చివర ఒక్కొక్క బొట్టుగా, పూస గుచ్చినట్టు వరుసగా కనిపించేవి మాత్రం చాలాసార్లు మంచు కావు. నేల బాగా తడిగా ఉన్న రాత్రుల్లో మొక్క తనలోని నీటినే ఆకు అంచుల రంధ్రాల నుంచి బయటికి నెడుతుంది. గడ్డిపోచల కొసల మీద, గులాబీ ఆకుల పళ్ళ మీద వీటిని వెతకండి. ఇవి గుండ్రంగా, ఒకే పరిమాణంలో ఉంటాయి కాబట్టి ఫోటోకు మరింత అనువైనవి.

బొట్టు స్పష్టంగా రాకపోవడానికి కారణం ఫోకస్ లోతు. మీ సెన్సర్‌తో అసలు పరిమాణంలో, అంటే వస్తువు ఎంత ఉంటే సెన్సర్ మీద అంతే పడేటట్టు తీసినప్పుడు, ఎఫ్/8 వద్ద స్పష్టంగా ఉండే మందం సుమారు 0.6 మి.మీ. మాత్రమే. మీరు ఊపిరి తీస్తే ఆ మేర దాటిపోతారు. కాస్త వెనక్కి జరిగి సగం పరిమాణంలో తీస్తే అది దాదాపు 2 మి.మీ. అవుతుంది, తరువాత ఫోటోను కత్తిరించుకోవచ్చు. అపర్చర్‌ను అదే పనిగా మూయడం దీనికి మందు కాదు. అసలు పరిమాణంలో ఎఫ్/16 పెడితే అది ఎఫ్/32లా పనిచేసి, వివర్తనం వల్ల, అంటే సన్నని రంధ్రం దాటేటప్పుడు వెలుగు చెదరడం వల్ల, అంతా మెత్తబడుతుంది. ఇంకొక మాట: బొట్టు ఒక చిన్న లెన్స్. దాని వెనుక ఉన్నదంతా అందులో తలకిందులుగా కనబడుతుంది. ఫోకస్‌ను బొట్టు పైపొర మీద కాకుండా లోపలి ఆ బొమ్మ మీద నిలపాలి. బొట్టు వెనుక ఒక జానెడు దూరంలో విచ్చిన పువ్వు ఉండేటట్టు కెమెరాను జరుపుకుంటే ప్రతి బొట్టులోనూ ఒక పువ్వు పూస్తుంది. మొక్కను ట్రైపాడ్ కాలికి కట్టకండి, పక్కన ఒక పుల్ల గుచ్చి దానికి కాడను వదులుగా ఆనించండి.

వేకువన తూనీగలూ సీతాకోకచిలుకలూ చలికి బిగుసుకుని, ఒంటినిండా మంచుతో కదలకుండా ఉంటాయి. వాటి శరీరానికి సొంత వేడి లేదు, ఎండ తగిలేదాకా ఎగరలేవు. అంత దగ్గరగా చూసే అవకాశం పగలు ఎప్పుడూ రాదు. కానీ పారిపోలేని ప్రాణి మీద నీళ్ళు చల్లడం, దాన్ని తీసి అందమైన పువ్వు మీద పెట్టడం దయచేసి ఎవరూ చేయకండి. అలా తీసిన ఫోటోలు చాలా చూశాను, వాటిలో ఒక్కటీ నాకు నచ్చలేదు.

పొద్దుతిరుగుడు గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. లేత మొక్కలే సూర్యుడితోపాటు పడమటికి తిరిగి, రాత్రి మళ్ళీ తూర్పుకు మళ్ళుతాయి. పూర్తిగా విచ్చిన పువ్వు తూర్పు ముఖంగా ఆగిపోతుంది. అలా ఆగిన పూలు ఉదయం త్వరగా వేడెక్కి తేనెటీగలను ఎక్కువగా రప్పిస్తాయని 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది. మీరు చెప్పినదాన్నిబట్టి మీ వరుస మీకూ పొద్దుకూ మధ్య ఉంది, అంటే మీరు ఏడు నెలలుగా ఆ పూల వీపులు చూస్తున్నారు. వరుసకు అవతలివైపుకు వెళ్ళి పడమటికి తిరగండి, ముఖాలన్నీ లేత ఎండలో మీవైపే ఉంటాయి. అయితే ఆ వీపులను కూడా తీసిపారేయకండి, ఎదురెండలో ఆకుపచ్చ రక్షకపత్రాల అంచుల నూగు వెలిగిపోతూ ఉంటుంది.

స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ లినేయస్ 1751లో, ఏ పువ్వు ఏ గంటకు విచ్చి ఏ గంటకు ముడుచుకుంటుందో చూసి ‘పూల గడియారం’ అన్న ఆలోచన రాశాడు. మీ తోటకు అలాంటి పట్టిక మీరే తయారు చేసుకోండి. ఒక చిన్న పుస్తకం, ఒక పెన్సిలు చాలు.


గాజుకన్ను:

పైన ఇద్దరూ చెప్పినవాటిలో చాలావరకు నాకూ సమ్మతమే. గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ సలహా మాత్రం ఈ తోటకు సరిపడదు. ఆ ఫిల్టర్ నల్లబారే గీత తిన్నగా ఉంటుంది. సముద్రమో చెరువో మైదానమో అయితే దిగంతం కూడా తిన్నగా ఉంటుంది కాబట్టి రెండూ కలిసిపోతాయి. వేకువబాట గారి తోటలో రెండు పెద్ద చెట్లు ఆ గీతను దాటి ఆకాశంలోకి లేచి ఉన్నాయి. ఫిల్టర్ పెడితే వాటి పైసగం మసిబారి, కిందిసగం వెలుగులో ఉండి, ఎవరో చెట్లను కోసి అతికించినట్టు కనబడుతుంది. దీనికి బదులు ట్రైపాడ్ కదలకుండా, 2 స్టాపుల తేడాతో మూడు ఫోటోలు వరుసగా తీసి తరువాత కలపడం మేలు. ఆకులు కదులుతున్న రోజున అదీ కుదరదు. అప్పుడు ఆకాశానికి సరిపడా ఒక్క ఫోటో తీసి, నీడలను తరువాత పైకి లేపడమే దారి.

అలా లేపాలంటే జేపెగ్ వదిలి రా ఫైలులోకి, అంటే సెన్సర్ పట్టిన సమాచారాన్ని దాదాపు ఉన్నదున్నట్టుగా ఉంచే ఫైలులోకి, రావాలి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటాయి, 14 బిట్ల రా ఫైలులో 16,384. నీడలో దాగిన తోట రా ఫైలులో ఇంకా ఉంటుంది, జేపెగ్‌లో అది పోయినట్టే. ఇది ఒక్కటి మార్చుకున్నా మీ మొదటి కష్టంలో సగం తీరుతుంది.

ఇక మందారం. మీ సూర్యోదయాలు తెల్లబడటానికీ మీ మందారాలు చదునుగా రావడానికీ కారణం ఒక్కటే అని నా అభిప్రాయం. కెమెరా తెరమీద మామూలుగా కనబడే హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి నుంచి కుడిన వెలుగు దాకా ఫోటోలో ఏది ఎంత ఉందో చూపే గ్రాఫు) మూడు రంగుల ప్రకాశాన్ని కలిపి చూపిస్తుంది, అందులో ఎరుపుకు బరువు తక్కువ. ఎర్రని వస్తువును తీస్తున్నప్పుడు మొత్తం గ్రాఫు నడుమనే ఉండి అంతా బాగున్నట్టు తోస్తుంది. ఈలోగా ఎరుపు ఒక్కటే కుడి అంచును తాకి తెగిపోయి ఉంటుంది. ఎరుపు తెగితే రేకు మీది ఈనెకూ రేకుకూ తేడా చెప్పగలిగే సమాచారం ఇక మిగలదు. బింబం చుట్టూ ఉన్న ఆకాశంలోనూ జరిగేది ఇదే: ముందు ఎరుపు తెగుతుంది, అందువల్ల నారింజ పసుపవుతుంది, ఆ తరువాత ఆకుపచ్చా నీలమూ కూడా తెగి అది తెలుపవుతుంది. కెమెరాలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం హిస్టోగ్రామ్‌లను విడివిడిగా చూపే అమరిక ఉంటుంది, దాన్ని తెరిచి ఎరుపును మాత్రమే చూస్తూ ఎక్స్‌పోజర్ తగ్గించండి. సాధారణంగా 2/3 నుంచి 1 స్టాప్ తగ్గిస్తే సరిపోతుంది.

నిర్మలమైన రోజున బింబాన్ని ఎర్రగా పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. గాలిలో మంచుపొగో ధూళో ఉన్న రోజున మాత్రం దాని ప్రకాశం చుట్టూ ఉన్న ఆకాశపు స్థాయికి దిగుతుంది, అప్పుడు రంగు నిలుస్తుంది. క్లోడ్ మోనే 1872లో రేవు మీద వేసిన సూర్యోదయ చిత్రాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూస్తే సూర్యుడు దాదాపు కనబడకుండా పోతాడు. అక్కడ బింబానికీ ఆకాశానికీ తేడా రంగులో తప్ప ప్రకాశంలో లేదు. అలాంటి పొగమంచు ఉదయం కోసం వేచి ఉండండి.

ఇది చదివేవారిలో అద్దం ఉన్న పాత తరహా డీఎస్ఎల్ఆర్ వాడేవారు ఉంటే వారికోసం ఒక హెచ్చరిక. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి సూర్యుణ్ణి చూడకండి, ముఖ్యంగా పొడవాటి లెన్స్‌తో అసలే వద్దు. రెటీనాకు నొప్పి తెలియదు, దెబ్బ తగిలిన సంగతి ఆ తరువాతే తెలుస్తుంది. వెనుక తెరమీద చూసి తీయండి.


నీరెండ:

గాజుకన్ను గారు చెప్పింది నిజం. నేను ఎక్కువగా నీటి ఒడ్డున తీస్తాను, ఆ అలవాటుతో ఫిల్టర్ సలహా ఇచ్చాను. చెట్లున్న చోట అది పనికిరాదు, దయచేసి కొనకండి.


వేకువబాట:

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులుగా రా ఫైలులో తీస్తున్నాను, 40 నిమిషాల ముందే బయటికి వెళ్తున్నాను. అయితే కొత్త చిక్కు ఒకటి వచ్చింది. ఏసీ గదినుంచి కెమెరా బయటికి తెచ్చిన వెంటనే లెన్స్ మీద పొగమంచులాగా కమ్ముతోంది, తుడిచినా మళ్ళీ వస్తోంది, అది ఆరేలోపు మీరు చెప్పిన రంగులన్నీ అయిపోతున్నాయి. మరొక సందేహం కూడా ఉంది. సూర్యుడికి ఎదురుగా పువ్వును తీసినప్పుడు ఫోటో మొత్తం పాలు కలిపినట్టు పలచబడుతోంది. ఎదురెండలో తీయడం నాకు మిగతావాటన్నిటికన్నా ఇష్టంగా ఉంది కాబట్టి దీన్ని వదులుకోవాలని లేదు.


మందారవనం:

లెన్స్ మీద కమ్ముతున్నది, ఆకు మీద పడే మంచు ఒక్కటే. చల్లని గాజుకు తడిగాలి తగిలింది. రాత్రి కెమెరాను ఏసీ లేని గదిలో ఉంచండి. అది వీలుకాకపోతే సంచిలోనే మూసి, బయటికి తెచ్చి, సంచి తెరవకుండా అరగంటపాటు అలాగే వదిలేయండి. గాజు బయటి వేడికి చేరుకున్నాక ఏమీ పట్టదు. తుడవడం వల్ల లాభం లేదు, పైగా పూత మీద గీతలు పడతాయి. తిరిగి లోపలికి వెళ్ళాక సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. తేమ నిలిచిన లెన్స్‌కు బూజు పడుతుంది, ఒకసారి పడితే పూర్తిగా వదలదు.

ఎదురెండకు నేను చేసేది ఇది. లెన్స్ ముందుగాజు మీద ఎండ నేరుగా పడకూడదు. లెన్స్ ముందు తొడిగే హుడ్ పెట్టండి, అది చాలకపోతే ఎడమచేతిని లెన్స్‌కు పైన, ఫ్రేములో పడకుండా, గొడుగులా పట్టండి. పాలు కలిపినట్టున్న ఆ పొర అప్పటికప్పుడే తొలగిపోవడం తెరమీద చూస్తారు. తరువాత పువ్వు వెనుక ఏముందో చూడండి. వెనుక వెలుతురున్న ఆకాశం ఉంటే పువ్వు నల్లబడుతుంది; కాస్త వంగి, లేదా కాస్త లేచి, వెనుక చెట్టునీడ వచ్చేటట్టు చేస్తే అదే పువ్వు రేకులగుండా వెలుగు వచ్చి దీపంలా కనబడుతుంది. ఇందులో ఒక చేతివెడల్పు కదలిక తేడాయే ఎక్కువ. ఎఫ్/16 పెట్టి సూర్యుణ్ణి ఆకు అంచు వెనుక సగం దాచితే కిరణాలు నక్షత్రంలా విచ్చుకుంటాయి. అపర్చర్‌ను మూసే పలకల సంఖ్య సరిసంఖ్య అయితే అన్నే కిరణాలు, బేసి అయితే రెట్టింపు వస్తాయి. ఇది అప్పుడప్పుడు బాగుంటుంది, ప్రతి ఫోటోలోనూ వద్దు.


గాజుకన్ను:

హుడ్‌తోపాటు ఒక మాట. ముందుగాజు శుభ్రంగా ఉందో లేదో చూడండి, పక్కల పడే వెలుగులో తెలియని వేలిముద్ర ఎదురెండలో ఫోటో అంతటా పరుచుకుంటుంది. లెన్స్ ముందు రక్షణ కోసం పెట్టే ఫిల్టర్ ఏదైనా ఉంటే ఆ గంటసేపు తీసేయండి. పోలరైజర్ కూడా ఎదురెండకు పనికిరాదు, అది సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న ఆకాశం మీదే బాగా పనిచేస్తుంది. తడి ఆకుల మెరుపును తగ్గించడానికి మాత్రం దాన్ని మించింది లేదు.


వేకువబాట:

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించాలి. పెన్సిలూ పుస్తకమూ తోటలోకి వచ్చాయి. ఈ మూడు వారాల్లో పొద్దు ఎడమచేతి చెట్టువైపు కంటికి తెలిసేంతగా జరిగింది. ఏడు నెలలు ఎదురుగా నిలబడి కూడా నేను దీన్ని గమనించలేదు.

ఎనిమిదో రోజున ఆకాశం పూర్తిగా నిర్మలంగా ఉంది. పడమటికి తిరిగి నీరెండ గారు చెప్పిన రెండు పట్టీలనూ చూశాను. నీలి పట్టీ కిందికి దిగుతూ దిగుతూ ప్రహరీ వెనుక కలిసిపోయేదాకా కెమెరా సంగతే మరచిపోయాను. మరునాడు ఆ గోడవైపు ఉన్న తెల్లగులాబీలను, గులాబీ రంగు ఆకాశం ముందు, అర సెకను ఎక్స్‌పోజర్‌తో తీశాను. రేకులు తెల్లగా లేవు, లేత ఊదాగా వచ్చాయి. మొదట వైట్ బ్యాలెన్స్ తప్పిందేమో అనుకున్నాను, కానీ కంటికి కూడా అవి అలాగే కనిపించాయి.

పొద్దుతిరుగుడు వరుసకు అవతలికి వెళ్ళడం ఇన్నాళ్ళూ ఎందుకు తోచలేదో తెలియదు. ముందు ముఖాలు తీశాను. వాటికన్నా వీపుల ఫోటో ఒకటి ఎక్కువ నచ్చింది: సూర్యోదయమైన 25 నిమిషాలకు, 90 మి.మీ. లెన్స్‌తో, ఎఫ్/5.6, 1/200, ఐఎస్ఓ 200, ఎడమచేయి లెన్స్ పైన. వెనుక చెట్టునీడ, ముందు పువ్వు అంచున నూగు, ఒక ఆకు మీద కదలని తూనీగ. తీసిన తరువాత అక్కడే కూర్చున్నాను. ఎండ రెక్కలను తాకిన కాసేపటికి అది వణికి, మరికాసేపటికి ఎగిరిపోయింది.

మంచుబొట్టులో పువ్వు ఇంకా కుదరలేదు, నలభై ప్రయత్నాల్లో రెండు మాత్రం పరవాలేదు. మందారం విషయంలో ఎరుపు హిస్టోగ్రామ్‌ను చూస్తూ 1 స్టాప్ తగ్గిస్తే ఈనెలు స్పష్టంగా వచ్చాయి, కానీ ఆ చుట్టూ ఉన్న ఆకులు బాగా నల్లబడుతున్నాయి. వాటిని రా ఫైలులో పైకి లేపితే మచ్చలు మచ్చలుగా కనబడుతున్నాయి. నేరుగా ఎండ పడని మబ్బు ఉదయాన తీస్తే ఈ తేడా తగ్గుతుందనుకుంటున్నాను. ఎల్లుండికి మబ్బు ఉంటుందని చెబుతున్నారు కాబట్టి ఆ రోజు ఆకాశాన్ని వదిలేసి మందారం దగ్గరే ఉంటాను.